ఉజ్జాయింపు మాస్టారు

మా సారు పోయారన్న కబురు వాట్సాప్ గ్రూపులో పెట్టినవాడు శ్రద్ధగల మనిషి. పుట్టిన తేదీ, చదివిన డిగ్రీలు, రాసిన పేపర్లు అన్నీ వరసగా పెట్టి, చివర వయసు అరవై ఎనిమిది అని ముగించాడు. చదవగానే ఏడుపు రావాల్సింది పోయి నాకు నవ్వొచ్చింది. ఆయనే గనక ఆ మెసేజ్ చూసి ఉంటే, "అరవై ఎనిమిదేమిటయ్యా, కాటా మీద తూచినట్టు! ఉజ్జాయింపుగా డెబ్భై అనుకో, పోయేదేముంది" అనేవారు. నేను అదే టైపు చేశాను, ఉజ్జాయింపుగా డెబ్భై అని. ఆ తర్వాత దండాల బొమ్మలు ఆగిపోయి, ఒక్కొక్కరే ఆయన అన్న మాటలు రాయడం మొదలుపెట్టారు. నేను పాఠం చెప్పే కాలేజీలో, స్టాఫ్ రూములో కూర్చుని అవి చదువుతూ అప్పుడు ఏడ్చాను.

యూనివర్సిటీలో ఆయన అసలు పేరుతో ఎవరికీ పని ఉండేది కాదు. ఉజ్జాయింపు మాస్టారంటే అటెండరు దగ్గర్నుంచి పెద్ద ఆఫీసు దాకా అందరికీ తెలుసు. ఆ పేరు మాకంటే చాలా ముందు బ్యాచి వాళ్ళెవరో పెట్టారు. ఆయనకీ తెలుసు. కొత్తవాళ్ళెవరైనా ఫోన్ చేసి ఆయన పేరు చెప్పి "ఉన్నారాండీ" అని అడిగితే, "ఉజ్జాయింపుగా ఉన్నాను, చెప్పండి" అనేవారు.

ఎమ్మెస్సీలో మా మొదటి క్లాసు ఆయనదే. వచ్చి బోర్డు వైపు తిరగలేదు, అటెండెన్సు తీసుకోలేదు. "ఇవాళ పొద్దున గుంటూరు ఊళ్ళో జనమంతా కలిసి ఎన్ని ఇడ్లీలు తిని ఉంటారు?" అని అడిగారు. మేం ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం. సీనియర్లు ర్యాగింగు చేస్తారని విన్నాం గానీ ప్రొఫెసర్లు కూడా చేస్తారని ఎవరూ చెప్పలేదు. వెనక బెంచీలోంచి ఒకడు "గూగుల్లో ఉండదు సార్" అన్నాడు.

"ఉండదు గనకే నిన్నడిగాను. చెప్పు. ఊళ్ళో జనం ఎంతమంది?"

అలా మొదలైంది. జనం ఎంత, అందులో టిఫిను తినేవాళ్ళెంత, వాళ్ళలో దోసెల పక్షం ఎంత, ఇడ్లీ పక్షం ఎంత. ఉప్మా లెక్కలోకి రాదని ఒకమ్మాయి పోట్లాడింది. గంట కొట్టేసరికి బోర్డు మీద ఇడ్లీల లెక్క తేలింది. ఆయన సుద్దముక్క జేబులో వేసుకుని, "సున్నాలు సరిగ్గా ఉంటే చాలు. ముందున్న అంకె మీ ఇష్టం" అన్నారు. "నక్షత్రం దగ్గరికి వెళ్ళి టేపు పెట్టి కొలిచినవాడు ఎవడూ లేడు. సూర్యుడి బరువైనా, పాలపుంత వెడల్పైనా, మొదట తెలిసింది ఈ ఇడ్లీల లెక్కతోనే. ఇది పట్టుబడితే మిగతాది పుస్తకంలో ఉంటుంది, ఎప్పుడన్నా చదువుకోవచ్చు."

అప్పటిదాకా నా చదువంతా మూడు దశాంశ స్థానాల చదువు. అర మార్కు కోసం ప్రాణం పెట్టే రకాన్ని. ముందున్న అంకె మీ ఇష్టం అని ఒక ఫిజిక్స్ ప్రొఫెసరు అంటాడని కలలో కూడా అనుకోలేదు. నిజం చెప్పాలంటే మొదటి వారం ఆయన మీద ఒళ్ళు మండింది. రెండో వారం ఇంటికెళ్ళే బస్సులో కూర్చుని, కనపడే పొలాల్లో పత్తి చెట్లు ఎన్నుంటాయో లెక్కేస్తున్నాను.

ఆయన జేబులో సుద్దముక్కలతోపాటు జీడిపప్పు ఉండేది. వాళ్ళది జీడిపప్పుకి పేరుబడ్డ వేటపాలెం వైపు. జవాబు సరిగ్గా చెప్పినవాళ్ళకి నిండు పప్పు. జవాబు తప్పినా ఆలోచన సరిగ్గా ఉంటే బద్ద. బట్టీ పట్టి చెప్తే జవాబు ఎంత కరెక్టయినా ఏమీ లేదు. అసలు విశేషమేమిటంటే, లేచి నిలబడి "తెలియదు సార్" అని సూటిగా అన్నవాడికి కూడా నిండు పప్పే. మావాళ్ళు పప్పు కోసం అందరూ తెలియదనడం మొదలుపెట్టారు. ఆయన కళ్ళజోడు పైకి జరుపుకుని, "తెలియక తెలియదన్నవాడికే. తేలిగ్గా పోతుందని తెలియదన్నవాడికి కాదు. మొహం చూస్తే నాకు తెలుస్తుంది" అన్నారు. ఆ పప్పు మీద ఎప్పుడూ సుద్దపొడి ఉండేది. తుడుచుకుని తినేవాళ్ళం.

సెలవు రోజుల్లో స్కూటరు వెనక సీటుకి టెలిస్కోపుని సైకిల్ ట్యూబుతో కట్టి ఊళ్ళ మీద తిరిగేవారు. ఏ స్కూలు వాళ్ళు పిలిచినా వెళ్ళడమే. ఆ తెల్లటి గొట్టాన్ని చూసి దారిలో రైతులు ఆపేవాళ్ళు. "తైవాన్ పంపా సార్? ఏ కంపెనీది, ఎన్ని లీటర్లు పడుద్ది?" అని. పురుగుమందు కొట్టే పంపు కాదని చెప్పి, అక్కడే రోడ్డు పక్కన దింపి, దూరంగా ఉన్న సెల్ టవర్ మీద వాలిన కాకిని చూపించేవారు. ఒకాయన కాకిని చూసి తృప్తిపడి, "బాగుంది గానీ, మందు ఎక్కడ పోస్తారు?" అన్నాట్ట. ఈ సంగతి క్లాసులో చెప్పి ఆయనే ముందు నవ్వేవారు. నవ్వితే భుజాలు మాత్రమే కదిలేవి, శబ్దం వచ్చేది కాదు.

వాళ్ళ నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడట. ఊరూరూ తిరిగి, ఇంటి ముందు కూర్చుని పాత పరుపు విప్పి ఏకేవాడట. సెలవుల్లో ఈయన కూడా వెంట వెళ్ళేవారు. "విల్లు కొడుతుంటే దూది లేస్తుందా, పొద్దుటి ఎండ దాంట్లోంచి పడుతుంది. దూది ఎక్కడ పలచన, ఎక్కడ చిక్కన అని చూస్తూ కూర్చునేవాణ్ణి. నెబ్యులా బొమ్మ పుస్తకంలో మొదటిసారి చూసినప్పుడు, ఇది మా నాన్నది కదా అనుకున్నా" అని చెప్పేవారు. ఆ ముక్క చెప్పినప్పుడు మాత్రం నవ్వేవారు కాదు.

రంజాన్ నెల చివర్లో ఆయన ఫోను మోగుతూనే ఉండేది. వాళ్ళ పేట మసీదు పెద్దలు, "సారూ, ఇవాళ నెలవంక కనపడుద్దా?" అని అడిగేవాళ్ళు. "లెక్క ప్రకారం ఉంటుంది. మబ్బు సంగతి నన్నడగొద్దు. నాది పై ఆకాశం. కింద ఆకాశం నా సబ్జెక్టు కాదు" అనేవారు. ఆ సాయంత్రం డాబా మీద అందరికంటే ముందు ఎక్కి పడమటికి తిరిగి నిలబడేది కూడా ఆయనే. లెక్క చూసిన మనిషికి మళ్ళీ చూడటం ఎందుకని అడిగితే, "లెక్క కాగితం మీద. ఇది నెలవంక" అన్నారు.

ఇక నా సంగతి. ఎమ్మెస్సీ రెండో సంవత్సరంలో స్పెషలైజేషన్ ఎంచుకోవాలి. ఎలక్ట్రానిక్స్ తీసుకుంటే ఏదో ఒక కంపెనీలో ఉద్యోగం దొరుకుతుందని అందరూ అటు పరిగెత్తారు. ఆస్ట్రోఫిజిక్స్ తీసుకునేవాళ్ళు ఏటా ఇద్దరో ముగ్గురో. నాకు అదే కావాలి. మా ఇంట్లో చెప్పాను. మాది పర్చూరు దగ్గర పల్లె. మిరప, కాస్త పత్తి. నాన్న అన్నం కలుపుతూ విని, "చుక్కలు లెక్కపెట్టే చదువా? బీఈడీ చేసి డీఎస్సీ రాసుకో" అని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మా నాన్న మాట్లాడేది తక్కువ. ఒకసారి అన్నమాట రెండోసారి అనడు, మనం రెండోసారి అడిగితే లేచి పొలం వెళ్ళిపోతాడు. నేను అడిగాను. ఆయన పొలం వెళ్ళిపోయాడు.

మర్నాడు డిపార్టుమెంటులో సారు దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆయన నా ఏడుపు అయ్యేదాకా ఆగారు. నాన్నతో ఒక్కసారి మాట్లాడి ఒప్పించమని అడిగాను.

"ఒప్పించనమ్మా" అన్నారు. "ఒకప్పుడు ఒక కుర్రాణ్ణి, వాళ్ళ నాన్ననీ మాటలతో ఒప్పించి ఇందులోకి దింపాను. నాకు మాటలు బాగా వచ్చు. ఇప్పుడతను చీరాలలో సెల్ ఫోన్లు బాగు చేసుకుంటున్నాడు. కనపడితే మర్యాదగా నవ్వి, 'బాగున్నారా సార్' అంటాడు. తిట్టినా బాగుండేది." కాసేపు బల్ల మీద సుద్దపొడిని వేలితో అటూ ఇటూ జరిపారు. "మీ నాన్న నన్నేదన్నా అడగాలనుకుంటే అడగొచ్చు. వస్తాను. ఒప్పించడానికి మాత్రం కాదు."

అన్నట్టే ఒక ఆదివారం వచ్చారు. నాన్న కల్లంలో ఉన్నాడు. కల్లమంటే మా మిరపకాయ ఆరబోసే జాగా. నేల కనపడకుండా ఎర్రగా కాయ, ఒక పక్క నీడలో ఏరే ఆడవాళ్ళు. ఎండకీ తేమకీ రంగు చచ్చి తెల్లబారిన కాయని తాలు అంటారు. తాలు ఏరి వేరే కుప్ప పోయకపోతే మంచి కాయకి కూడా ధర రాదు. మా నాయనమ్మ ఆ ఆడవాళ్ళ మధ్య కూర్చుని, తాలుకాయలతోపాటు ఊళ్ళోవాళ్ళని కూడా ఏరుతూ ఉంటుంది. ఎవరన్నా గొప్పలు చెప్తే, "తాలు మాటలు" అని పక్కకి విసిరేస్తుంది.

సారు స్కూటరు ఆపగానే నాయనమ్మే ముందు అంది, "పంపులాయన వచ్చాడురా!"

పంపు కాదని చూపించడానికి ఆయన టెలిస్కోపు దింపారు. మిట్టమధ్యాహ్నం చుక్కలు ఎక్కడివి. అందుకని సూర్యుడి వైపు తిప్పి, వెనక నాన్న తుండుగుడ్డని ఇద్దరాడవాళ్ళ చేత పట్టించి దాని మీద సూర్యుణ్ణి పడేశారు. "గొట్టంలో కన్ను పెట్టొద్దు, గుడ్డ మీదే చూడండి" అని పదిసార్లు చెప్పారు. పళ్ళెమంత సూర్యుడు, మీద నాలుగైదు నల్లటి చుక్కలు. ఆ రోజుల్లో సూర్యుడి మీద మచ్చలు బాగా ఉండేవి. నాన్న వంగి చాలాసేపు చూశాడు. చివరికి, "సూర్యుడికి కూడా మచ్చ తెగులేనా?" అన్నాడు.

సారు భుజాలు కదిలాయి. "అవునండి. మనకి మందు కొట్టడానికి అందడు." ఆ రోజు నుంచి ఆయన క్లాసులో సన్‌స్పాట్లకి అదే పేరు.

నాన్న తుండుగుడ్డ దులుపుకుని భుజాన వేసుకున్నాడు. ఇక అసలు మాటకొచ్చాడు. "సాయిబు గారూ, ఇది చదివితే ఏమొస్తది మా పిల్లకి?"

"తెలియదండి."

"ఉద్యోగం?"

"రావచ్చు. రాకపోవచ్చు. ఉజ్జాయింపుగా కూడా చెప్పలేను."

ఆ మాట ఆయన నోట విన్నది ఆ ఒక్కసారే. ఇంత దూరం వచ్చి ఇదా చెప్పేది! విదేశాలని, రీసెర్చి అని, పేరొస్తుందని ఏదో ఒకటి అనొచ్చుగా! నాన్న ఆయన మొహంలోకి అలాగే చూశాడు. కాయ ఏరే చేతులు కూడా ఆగిపోయాయి.

నాయనమ్మ మాత్రం తలెత్తి పడమటికి చూసింది. "అబ్బాయ్, ఆకాశం చదివినోడివంట గదా. పడమర మబ్బేసింది. వాన పడుద్దా, పడదా?"

"నాది పై ఆకాశం అమ్మా. ఈ కింద ఆకాశం నాకు తెలియదు."

"ఇదీ తెలవదు, అదీ తెలవదు. ఇంక తెలిసిందేందయ్యా నీకు?"

ఆ ప్రశ్నకి జవాబు వచ్చేలోపే వాన వచ్చింది. ఎండాకాలం ముందు వచ్చే దొంగవాన. కల్లం మీద తడి పడిందంటే ఏడాది కష్టం తాలైపోయినట్టే. "పట్టాలు! పట్టాలు!" అని నాన్న కేక. అందరం పరిగెత్తాం. చూస్తే మా ప్రొఫెసరు గారు చొక్కా చేతులు మడిచి, అంచుల దగ్గర కాయని రెండు చేతులా లోపలికి నెట్టి, టార్పాలిన్ పట్టా లాగి, మోకాళ్ళ మీద కూర్చుని మట్టిగడ్డలు పెడుతున్నారు. కళ్ళజోడు మీద నీళ్ళు పడి కనపడక, తీసి కళ్ళు తుడుచుకోబోయారు.

"కాయ చేత్తో కళ్ళు ముట్టుకోకయ్యోయ్!" నాయనమ్మ అరిచింది.

అప్పటికే ముట్టుకున్నారు. మా ప్రాంతంలో నడక నేర్చిన పిల్లకి కూడా తెలిసిన సంగతి అది. ఆయన కేక వేయలేదు గానీ, నిలబడ్డ చోటే గుండ్రంగా తిరిగారు. నాన్న పట్టుకుని పాక కిందికి నడిపించాడు. నాయనమ్మ చేతులు కడిగించి, కళ్ళ మీద నీళ్ళు కొట్టి, మజ్జిగలో తడిపిన గుడ్డ వేసి, "చదువుకున్నోడివి, ఇదన్నా తెలవదా నాయనా" అని తిడుతూనే విసనకర్ర అందుకుంది. వాన పది నిమిషాల్లో పోయింది. కాయ తడవలేదు.

కళ్ళకి గుడ్డ కట్టుకుని మంచం మీద కూర్చున్న మనిషి ఊరికే ఉంటాడా. "ఏమండీ, కేజీకి ఎన్ని కాయలు తూగుతాయి?" అన్నారు నాన్నతో.

"ఎవరు లెక్కపెట్టారు సాయిబు గారూ?"

"ఉజ్జాయింపుగా."

"వెయ్యి. అటూ ఇటూగా."

"అయితే క్వింటాకి లక్ష. ఈ కల్లంలో?"

నాన్న ఒకసారి పట్టాల వైపు కన్ను తిప్పాడు. "నలభై క్వింటాళ్ళుంటది. నలభై లక్షల కాయ." ఆ సంఖ్య తన నోట వచ్చేసరికి ఆయనకే ఆశ్చర్యం వేసింది. "మంచి సీజన్లో గుంటూరు మిర్చి యార్డుకి రోజుకి ఎన్ని టిక్కీలొస్తాయి?" అని అడిగారు సారు. టిక్కీ అంటే కాయ తొక్కిన బస్తా. లక్ష దాకా వచ్చే రోజులుంటాయన్నాడు నాన్న. టిక్కీకి నలభై కేజీలేసుకున్నారు. ఇద్దరూ కలిసి, ఒకరు కళ్ళు మూసుకుని, ఒకరు వేళ్ళు ముడుస్తూ, రోజుకి నాలుగు వందల కోట్ల కాయ అని తేల్చారు. సెలవులు పోను నెల రోజులకి పదివేల కోట్లు.

"అదండీ మన పాలపుంత" అన్నారు సారు. "ఈ సూర్యుడు ఒక కాయ. గుంటూరు యార్డుకి నెల రోజులు వచ్చే కాయ ఎంతో, పాలపుంతలో నక్షత్రాలు అన్ని. ఉజ్జాయింపుగా. వాటిని కూడా ఇలాగే లెక్కపెట్టారు. కేజీ తూచి, కల్లం చూసి."

"నెల రోజుల కాయేనా?" అన్నాడు నాన్న కొంచెం నిరాశగా. "నేనింకా చానా ఉంటయ్యనుకున్నా."

సారు గుడ్డ కింద నుంచి కళ్ళనీళ్ళు కారుతుండగా నవ్వారు. ఈసారి శబ్దం కూడా వచ్చింది.

పొద్దు వాలుతుండగా ఆయన బయల్దేరారు. స్కూటరు నాన్న తోస్తూ, పక్కన సారు నడుస్తూ రోడ్డు దాకా వెళ్ళారు. అక్కడ ఏదో మాట్లాడుకున్నారు. మాట్లాడింది ఎక్కువ మా నాన్నే. అదొక వింత. తిరిగొచ్చి నాతో, "చదువుకో" అన్నాడు. ఎందుకు ఒప్పుకున్నాడో చెప్పలేదు. నేనూ అడగలేదు, అడిగితే మళ్ళీ పొలం వెళ్ళిపోతాడని భయం.

ఆ ఏటి నుంచి ఒక అలవాటు మొదలైంది. కాయ అంతా ఏరి, టిక్కీలు తొక్కి యార్డుకి తోలాక, నాన్న ఒక చిన్న సంచికి సరిపడా కాయ విడిగా పోసుకుని తనే కూర్చునేవాడు. ఏరే ఆడవాళ్ళు ఒకసారి ఏరిన కాయ అది. అయినా ఒక్కొక్క కాయ వెలుగుకి పెట్టి చూసేవాడు. "ఇది మీ సారుకి. ఇచ్చి రా" అని నా చేతిలో పెట్టేవాడు. గురుదక్షిణ కాబోలనుకుని మోసుకెళ్ళేదాన్ని. సారు సంచి అందుకుని, ఎప్పుడూ ఒకటే ప్రశ్న, "నాన్న ఏమంటున్నాడమ్మా?" నేను ఎప్పుడూ ఒకటే జవాబు, "ఏమీ అనట్లేదు సార్." మధ్యమధ్యలో ఫోన్ చేసినా అదే. పీహెచ్‌డీలో చేరాను, వెలుగు హెచ్చుతగ్గులయ్యే నక్షత్రాల మీద. అది సాగింది, సాగింది. పూర్తయ్యాక ఉద్యోగం లేదు. మా ఊరి వాళ్ళు డాక్టరమ్మా అని పిలిచి నొప్పుల మాత్రలు అడిగేవాళ్ళు. ఆ రోజుల్లో సారు గొంతులో ఆ ప్రశ్న మరీ మెల్లగా వచ్చేది.

నేను ఇంట్లో ఖాళీగా కూర్చున్న ఆ ఏడే నల్ల తామర పురుగు పడింది. మిరప తోటలు నిలువునా ముడుచుకుపోయాయి. మాకు కల్లంలోకి వచ్చిందే కొంచెం, వచ్చినదంతా తాలు. ఈ ఏడు సంచి లేదులే అనుకున్నాను. నాన్న బస్సెక్కి అద్దంకి అవతల తెలిసిన రైతు దగ్గరికి వెళ్ళి, ఎర్రటి కాయ సంచి తెచ్చుకుని, అది కూడా కూర్చుని ఏరాడు. ఇంట్లో పచ్చడికి కాయ కొనుక్కునే పరిస్థితిలో ఇదేం చాదస్తమని నేను గట్టిగానే అన్నాను. నాన్న పొలం వెళ్ళిపోయాడు. పొలంలో అప్పుడేమీ లేదు కూడా. మరుసటేడు నాకు ఈ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్ ఉద్యోగం వచ్చింది.

సారు పోయిన కబురు ఇంటికి ఫోన్ చేసి నాన్నకి చెప్పాను. "ఈ ఏటి సంచి ఇంకా పంపలేదు" అన్నాడు. మట్టి కార్యక్రమానికి మేం అందుకోలేదు. నాలుగు రోజుల తర్వాత ఇద్దరం గుంటూరులో వాళ్ళింటికి వెళ్ళాం. నాన్న సంచి తనే మోశాడు, నన్ను ముట్టుకోనివ్వలేదు.

వాళ్ళావిడ, మేమంతా అమ్మగారని పిలిచే మనిషి, తలుపు దగ్గరే సంచి చూసి ఆగిపోయింది. కూర్చోమంది. మంచినీళ్ళిచ్చింది. "మీరేనా పర్చూరు నాన్నగారు" అంది. ఎప్పుడూ చూడకపోయినా నాన్న ఆమెకి బాగా తెలిసినట్టే ఉంది. సారు చివరి రోజులు చెప్పింది. ఆసుపత్రిలో డాక్టరు ఇంకా ఎన్నాళ్ళో చెప్పలేమంటే, "తెలియక తెలియదంటున్నాడు, మంచివాడు, ఇతనికి జీడిపప్పు పెట్టు" అన్నారట.

తర్వాత లోపలికెళ్ళి చేట తెచ్చింది. నాన్న తెచ్చిన సంచి విప్పి చేటలో కాయ కుమ్మరించుకుని, కిటికీ వెలుగులో కూర్చుని ఏరడం మొదలుపెట్టింది. దుఃఖంలో ఉన్న మనిషి, చుట్టాలు వచ్చి పోతున్న ఇల్లు, ఇప్పుడు మిరపకాయలు ఏరడమేమిటో నాకర్థం కాలేదు.

"అమ్మగారూ, అవి ఏరినవేనండీ" అన్నాను.

"తెలుసమ్మా. ఏటా ఆయన ఏరేవారు. ఈ ఏడు నేను." నా మొహం చూసి చెయ్యి ఆపింది. "నీకు చెప్పలేదా మీ నాన్న?"

నాన్న గోడ వైపు చూస్తున్నాడు.

ఆమె చెప్పింది. ఆ రోజు రోడ్డు మీద స్కూటరు పక్కన నిలబడి నాన్న సారుతో అన్నాడట, "విత్తనాలోళ్ళు, మందులోళ్ళు ఎంతమందో ఈ కల్లంలోకి వచ్చారు సాయిబు గారూ. అందరూ గ్యారంటీ అన్నోళ్ళే. తెలవదు అన్నది మీరొక్కరే. అందుకని పంపిస్తన్నా. నాకు మాటలు రావు, ఫోనులు చేయలేను. ఏటా కాయ పంపిస్తా. పిల్లని ఎందుకు పంపానా అని నేను బాధపడ్డ ఏడు, అందులో తాలు ఉంటది. చూసుకోండి."

"సంచి రాగానే తిండి కూడా తినేవారు కాదు" అంది ఆవిడ. "మొత్తం కుమ్మరించి ఒక్కొక్కటీ చూసేవారు. పరీక్ష పేపర్లు కూడా అంత భయంగా దిద్దలేదు. నువ్వు ఉద్యోగం లేకుండా ఉన్న ఏడు రెండుసార్లు ఏరారు. నమ్మలేక నన్ను కూడా ఏరమన్నారు."

"ఉందా?" అన్నాడు నాన్న. ఆ ఇంట్లోకి వచ్చాక ఆయన అన్న మొదటి మాట అది. అది ఆయన తనే ఏరిన కాయ. అయినా అడిగాడు.

"లేదండి. ఒక్కటి కూడా లేదు. ఆ రోజు మాత్రం కూర్చుని అన్నం తిన్నారు."

నాన్న తల ఊపాడు. ఆవిడ మళ్ళీ చేటలోకి వంగింది. నేను వెళ్ళి పక్కన కూర్చుని నేనూ ఏరడం మొదలుపెట్టాను. ఎర్రటి కాయ, గలగలలాడే కాయ, తొడిమ పచ్చగా ఉన్న కాయ. ఎంత ఏరినా తీసి పక్కన పెట్టడానికి ఒక్కటీ దొరకలేదు. నాన్న ఏమంటున్నాడమ్మా అని అన్నేళ్ళు అడిగిన మనిషికి జవాబు ఏటా నా చేతులతోనే అందుతూ ఉంది. ఆయనకి తెలుసు. తెలియంది నాకేనని, నేనెప్పటికైనా తెలుసుకుంటానేమోనని అడిగేవారు కాబోలు. కాయ కనపడలేదు నాకు, చేటంతా ఒకటే ఎరుపు. కళ్ళు తుడుచుకుందామని చెయ్యెత్తాను.

నాన్న గబుక్కున నా మణికట్టు పట్టుకున్నాడు.

"కాయ చెయ్యి" అన్నాడు, తన తుండుగుడ్డ అంచుతో నా కళ్ళు తుడుస్తూ.